జనుము దున్నాక జొన్న పసుపెక్కింది: జింకు లోపమేనా?

ప్రశ్న: మెట్ట పొలంలో తొలి వానలకు పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లి, 75 రోజులు పెంచి, కాయ పడ్డాక రోటవేటర్‌తో కలియదున్నించాను. వారానికే జొన్న వేశాను. పచ్చిరొట్ట ఉంది కదా అని యూరియా వేయలేదు. పైరు వయసు ఇప్పుడు 30 రోజులు. కింది ఆకులు పసుపెక్కాయి, ఎదుగుదల లేదు. జింకు లోపమని డీలర్ చెబితే జింకు, హ్యూమిక్, అమినో కలిపి రెండుసార్లు కొట్టాను. గుణం లేదు. మూడోసారి ఏం కొట్టాలి? జనుము వల్ల నేల పాడైందా?

జవాబు: ఇది జింకు లోపం కాదు. జింకు లోపమైతే లేత ఆకుల్లో, మొదలు వైపు తెల్లని పట్టీలు వస్తాయి. ఇనుము లోపమూ లేత ఆకుల్లోనే, ఈనెల మధ్య పాలిపోయి తెలుస్తుంది. మీరు రాసింది కింది ముదురాకుల గురించి. చివరి నుంచి నడి ఈనె వెంబడి పసుపు లోపలికి పాకుతుంటే అది నత్రజని ఆకలి. పీచెక్కిన జనుమును పదును లేని నేలలో కలిపారు. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న కాస్త నత్రజనినీ ముందు తామే వాడుకుంటాయి. తర్వాత వదులుతాయి గానీ, జొన్నకు కావలసింది ఇప్పుడు.

నేలలో పదును ఉంటే ఎకరాకు 20 కిలోల యూరియా, సాలుకు 5 సెంటీమీటర్ల పక్కగా వేసి గుంటకతో మట్టి కప్పండి. పదును లేకపోతే నేలకు వేయొద్దు. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, 10 రోజులకు ఇంకోసారి. ఎకరాకు 200 లీటర్ల నీరు, 4 కిలోల యూరియా. ఆ ట్యాంకులో ఇంకేదీ కలపొద్దు. మీరు కొట్టిన మూడు డబ్బాల్లో పైరు అడుగుతున్నది ఒక్కటీ లేదు. ఆకు పసుపెక్కిందనగానే ఏ ఆకు, పైదా కిందిదా అని అడగకుండా డబ్బా చేతిలో పెట్టే డీలర్ మాట ఎలా నమ్మారండీ?

ఇంకో మాట. ఈ గిడసబారిన జొన్నను పశువులకు వేయకండి, అందులోకి తోలకండి. బెట్టకు గురైన లేత జొన్నలో సైనైడ్ విషం ఎక్కువ, గంటల్లో ప్రాణం తీస్తుంది. పూత దశ దాటాకే మేపండి.

ఇక జనుము సంగతి. నేలను అది పాడుచేయలేదు, మీరు ఆలస్యం చేశారు. పచ్చిరొట్టను దున్ని పూడ్చడం నీళ్ళు నిలిచే మాగాణి పద్ధతి. మెట్టలో మొదట చూడాల్సింది తేమ లెక్క. ఏపుగా ఉన్న పైరు తేమ అందితే రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. పది రోజులు అదనంగా ఉంచితే 40 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు సుమారు 1,60,000 లీటర్లు. ఆ నీరు జొన్నది. ఇంకా పెరగనీ, రొట్ట ఎక్కువ వస్తుంది అనే ఆశే మెట్ట రైతును ముంచుతోంది. ఎంత చెప్పినా ఈ ఒక్క విషయం దగ్గరే వినరు.

వచ్చేసారి ఎకరాకు జనుము 6, అలసంద 4, సజ్జ 1 కిలో కలిపి తొలి పదునుకే వేయండి. జనుము, అలసంద విత్తనాలకు 200 గ్రాముల రైజోబియం (గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి ఉంచే సూక్ష్మజీవి ఎరువు) బెల్లం నీళ్ళతో పట్టించి, నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తండి. 40–45 రోజులకు, మొగ్గ కనబడగానే కోసేయండి. అంతకుముందే నేల ఆరిపోతుంటే 30 రోజులకైనా సరే. జానెడు లోతు మట్టి తీసి పిడికిట నొక్కండి. ఉండ కట్టకపోతే ఆ రోజే కోసేయాలి. కోసి నేల మీదే పరవండి, దున్నకండి. ఎండ నేరుగా తగలదు, తేమ నిలుస్తుంది, వాన చినుకులకు మట్టి కొట్టుకుపోదు. చెదలు కాస్త వస్తాయి, భయపడక్కర్లేదు. రెండు వారాలు ఆగి, ఒక వాన పడ్డాక ఆ రొట్టను సాలు మేరకే పక్కకు జరిపి జొన్న విత్తండి. యూరియా మాత్రం మానొద్దు.

వానలు ఆలస్యమైన ఏడు జొన్నకు ముందు పచ్చిరొట్ట వేసే ఆలోచనే వద్దు. జొన్న సాళ్ళ మధ్య అలసంద వేసుకోండి, లేదా కోత అయ్యాక మిగిలిన పదునులో ఉలవ చల్లండి. నేల బోసిగా మాత్రం ఉండకూడదు.

కోత అయ్యాక, ఎరువు వేయకముందు, పొలంలో 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో పరీక్షకు పంపండి. సేంద్రియ కర్బనం, జింకు రెండూ చూడమనండి. జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్ళ మట్టిలో 0.6 పాలు) కన్నా తక్కువ వస్తే అప్పుడు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ దుక్కిలో వేద్దురుగాని.