యూకేలో మన హెల్త్ రికార్డులు రీసెర్చ్‌కి ఇస్తారంట, ఆప్ట్ ఔట్ పెట్టేయాలా?

జీపీ (మన ఏరియా ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ అయ్యాక రికార్డులు రీసెర్చ్‌కి వెళ్తాయని విని భయమేసింది, ఆప్ట్ ఔట్ పెడితే, అంటే మన డేటా ఇవ్వొద్దని చెప్తే, రేపు ఎమర్జెన్సీలో డాక్టర్‌కి మన హిస్టరీ కనపడదా, అసలు ఇదంతా ఎవరు చూస్తారు అని అడిగారు కదా. నేను ఇంగ్లండ్‌లోనే ఉంటానండి, ఇక్కడ ఒక హాస్పిటల్లో రీసెర్చ్‌కి డేటా కావాలని వచ్చే అప్లికేషన్లు చూసే కమిటీలో పేషెంట్ల తరఫున కూర్చుంటాను. డాక్టర్ని కాదు, లాయర్ని కాదు, మామూలు మనుషులు కూడా ఉండాలనే మాలాంటి వాళ్ళని తీసుకుంటారు.

ముందు ఎమర్జెన్సీ సంగతి. ఇంగ్లండ్‌లో 2018 మే నుంచి ఉన్న నేషనల్ డేటా ఆప్ట్ ఔట్ పెట్టినా మీ ట్రీట్‌మెంట్‌కి ఏ అడ్డమూ రాదు, మీ డాక్టర్లు చూడాల్సింది చూస్తూనే ఉంటారు. ఆగేది రీసెర్చ్‌కీ, వైద్య సేవల ప్లానింగ్‌కీ మీరెవరో తెలిసేలా వెళ్ళే డేటా. జీపీ రికార్డు ఆ పనులకి సర్జరీ (ఇక్కడ జీపీ క్లినిక్‌ని అలా అంటారు) దాటి పోకూడదు అనుకుంటే టైప్ 1 ఆప్ట్ ఔట్ అని వేరే ఫారం ఉంది, అది సర్జరీలోనే ఇవ్వాలి.

ఇక ఎవరు చూస్తారంటే, పేషెంట్ కన్సెంట్ లేకుండా పేరుతో ఉన్న డేటా కావాలని ఇంగ్లండ్, వేల్స్‌లో ఎవరైనా అడిగితే అది కాన్ఫిడెన్షియాలిటీ అడ్వైజరీ గ్రూప్ ముందుకి వెళ్తుంది. అందులో డాక్టర్లూ రీసెర్చర్లతో పాటు మామూలు జనం తరఫు సభ్యులు కూడా ఉంటారు. కన్సెంట్ అడిగితే పోయేదేముంది, పేర్లు తీసేసిన డేటాతో పని జరగదా, పేషెంట్లకి ఈ విషయం ఎలా చెప్తారు, ఇవన్నీ అడుగుతారు, మీటింగ్ మినిట్స్ (ఏం మాట్లాడారో రాసిన నోట్స్) పబ్లిక్‌గా పెడతారు. మీరు ఒక్కటైనా తెరిచి చదవండి, ఎన్ని ప్రశ్నలు వేస్తారో తెలుస్తుంది.

మా కమిటీది చిన్న స్థాయి, కానీ పని అలాంటిదే. ఒకసారి ఒక ప్రాజెక్ట్ వాళ్ళు పేర్లు తీసేశాం కాబట్టి ఏం పర్లేదు అన్నారు, కానీ లిస్టులో పూర్తి పుట్టినతేదీ, పోస్ట్‌కోడ్, ఎత్నిసిటీ, ఒక అరుదైన జబ్బు అన్నీ ఉన్నాయి. మన కుటుంబాలు నాలుగైదే ఉండే చిన్న టౌన్ అనుకోండి, "ఇండియన్" అని ఉండి ఆ జబ్బు ఉండి ఆ వీధి ఉంటే అది ఎవరో గుడిలో కలిసే వాళ్ళెవరైనా చెప్పేస్తారు కదా, పేరు ఎందుకు ఇంక? నేను అదే అడిగాను. వాళ్ళు పుట్టిన సంవత్సరం, పెద్ద ఏరియా చాలన్నారు, ప్రాజెక్ట్ ఆగలేదు, జనం వివరాలూ బయటపడలేదు. ఈ ప్రశ్న మనలాంటి వాళ్ళు అక్కడ లేకపోతే ఎవరికీ తట్టదని నా గట్టి నమ్మకం.

భయం ఊరికే రాలేదులెండి. కేర్ డాట్ డేటా అని జీపీ రికార్డులు సేకరించే ఒక పథకం పెట్టి 2014లో ఇంటింటికీ కరపత్రాలు వేశారు, జనానికి సరిగ్గా చెప్పలేదని గోల అయ్యి 2016లో మూసేశారు. 2021లో మళ్ళీ జీపీ డేటా అంతా ఒకచోటికి తెస్తామంటే ఒక్క నెలలోనే పది లక్షల మందికి పైగా ఆప్ట్ ఔట్ పెట్టారు, దాన్నీ వాయిదా వేయాల్సొచ్చింది. రెండుసార్లూ ముందే జనాన్ని కూర్చోబెట్టి అడిగుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నేనైతే ఆప్ట్ ఔట్ పెట్టలేదు, ఎందుకంటే మనవాళ్ళలో షుగర్, గుండె జబ్బులు ఎక్కువ, మన డేటా లేకుండా చేసిన రీసెర్చ్ మనకి సరిపోదు. మీకు మనసొప్పకపోతే పెట్టేయండి, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లోనే అవుతుంది, తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పదమూడేళ్ళ లోపు పిల్లలకి మాత్రం తల్లిదండ్రులే పెట్టాలి. మీ హాస్పిటల్ వెబ్‌సైట్‌లో ఇలాంటి కమిటీకి పేషెంట్ సభ్యులు కావాలని ప్రకటన కనపడితే అప్లై చేయండి, ఫారం నింపడంలో డౌట్ ఉంటే ఇక్కడే అడగండి, నేను చెప్తాను.