ఏసీ పని నేర్చుకుంటానంటే అంత బెంగెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ మోటార్ మెకానిక్ రెండో ఏడాది. కారు ఏసీల షెడ్డులో పని నేర్చుకుంటానంటున్నాడు. మేమేమో మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) సర్టిఫికెట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు? - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: కోర్సు గురించి అడిగారు గానీ, మీ టెన్షన్ వేరే ఉన్నట్టుంది. పెళ్లిలో ఎవరైనా "మీవాడేం చేస్తున్నాడు" అంటే ఏసీ మెకానిక్కని ఎలా చెప్పడమా అని. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు.

ఆ పనిలో ఎంత బుర్ర కావాలో ఒక్క ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని చూస్తే తెలుస్తుంది. అరచేతిలో పట్టే అల్యూమినియం దిమ్మ. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలి ద్రవంగా మార్చే భాగం) వైపు నుంచి ఎక్కువ ప్రెషర్‌తో ద్రవంగా వచ్చే గ్యాస్‌ని సన్న రంధ్రం గుండా కూలింగ్ కాయిల్లోకి వదులుతుంది. ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి గ్యాస్ చల్లబడుతుంది, కాయిల్లో మరుగుతూ కారులోని వేడిని లాగేస్తుంది. ఎంత వదలాలో వాల్వే చూసుకుంటుంది. కాయిల్ దాటి వచ్చే గ్యాస్ మరీ వేడెక్కితే, వాల్వ్ తలలోని గ్యాస్ ఉబ్బి పల్చటి రేకులాంటి డయాఫ్రమ్‌ను నొక్కుతుంది, దారి తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగ్ మూసేస్తుంది.

లోపల తేమ చేరిందనుకోండి, ఆ రంధ్రం దగ్గరే మంచు కడుతుంది. కాసేపు చల్లగాలి, కాసేపు ఉత్త గాలి. మంచు కట్టినప్పుడు ప్రెషర్ గేజ్‌లో లో సైడ్ (తక్కువ ప్రెషర్ వైపు) ముల్లు సున్నా కిందికి, వాక్యూమ్‌లోకి దిగుతుంది. అది చదవడం రానివాడు "గ్యాస్ అయిపోయింది సార్" అని ఇంకాస్త ఎక్కించి పంపేస్తాడు. చదవడం వచ్చినవాడు గ్యాస్ తీసి, తేమను పీల్చే డ్రయర్ మార్చి, లోపలి గాలీ తేమా పోయేలా బాగా వాక్యూమ్ పట్టాకే మళ్లీ నింపుతాడు. కస్టమర్ రెండోసారి వెతుక్కుంటూ వచ్చేది ఎవరి దగ్గరికో మీకే తెలుసు.

ఇక ఈవీ మోజు. ఈవీలో ఇంజిన్ ఉండదు గానీ ఏసీ ఉంటుందండీ! చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ ఆ గ్యాసే. అక్కడ వాల్వ్‌ని చాలావాటిలో చిన్న మోటారు తిప్పుతుంది, కంప్యూటర్ చెప్పినంత. మామూలు వాల్వ్ అర్థమైనవాడికి ఇది పెద్ద అడుగు కాదు. హై వోల్టేజ్ జాగ్రత్తలు మాత్రం పద్ధతిగా నేర్చుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ స్లైడ్లు చూపించి, బండి మీద చెయ్యి వెయ్యనివ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. ఫీజు కట్టేముందు అక్కడ ఎన్ని బండ్లున్నాయో వెళ్లి చూశారా? చూసి ఉండరు. బ్రోచర్ చూశారు.

వాడు ఇష్టపడి అడిగిన పనిని చిన్నచూపు చూడకండి. ఐటీఐ పూర్తిచేయనిచ్చి, సెలవుల్లో షెడ్డుకు పంపండి. పంపేముందు ఆ షెడ్డుకు మీరే వెళ్లండి. పాత గ్యాస్‌ని రికవరీ మెషిన్‌తో తీస్తున్నారా, గాల్లోకి వదిలేస్తున్నారా చూడండి. కుర్రాళ్ల చేతికి గేజ్ ఇస్తారో లేదో అడగండి. ఈవీ కోర్సు సంగతి ఆ తర్వాత, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి.