రెట్రో డిస్‌ప్లే ఫాంట్‌తో పేరాలు కూడా పెట్టొచ్చా?

పెట్టకూడదు, కూపర్ బ్లాక్ లాంటి బొద్దు రెట్రో ఫాంట్లు శీర్షికలకీ, పోస్టర్లకీ, లోగోలకీ సరిపోతాయి గానీ పేరాలకి కాదు.

కారణం అక్షరం లోపలి ఖాళీ. మనం అక్షరాన్ని గుర్తుపట్టేది గీతల్ని బట్టే కాదు, వాటి మధ్య మిగిలిన తెల్లటి చోటుని బట్టి కూడా. ఈ ఫాంట్లలో గీతలు బాగా లావు, చివర్లు ఉబ్బి ఉంటాయి. దాంతో ఆ చోటు కుంచించుకుపోతుంది. కూపర్ బ్లాక్‌లో ఇంగ్లిష్ చిన్నబడి 'ఇ' (e) చూడండి: 72 పాయింట్ల సైజులో దాని పైభాగంలోని చిన్న కన్ను, అంటే గీతలు చుట్టుముట్టిన ఖాళీ, స్పష్టంగా కనబడుతుంది, ముద్దొస్తుంది కూడా. అదే 8 పాయింట్లకి దించితే ఆ కన్ను దాదాపు పూడిపోయి, పక్కనున్న 'సి', 'ఓ'లతో కలిసిపోతుంది. నాలుగు లైన్లు చదివేసరికి కళ్ళు లాగుతాయి. అందుకే శీర్షికకి ఇది, కింద పేరాకి సాదా ఫాంట్ పెడితే రెండూ అందంగా ఉంటాయి.

లావుగా ఉంది కదా, చిన్న సైజులోనూ బాగా చదవొచ్చని చాలామంది అనుకుంటారు. కనబడటం వేరు, చదవగలగడం వేరు. అలా పెట్టిన పేరా దూరం నుంచి నల్లటి మచ్చలా ఉంటుంది. కూపర్ బ్లాక్ 1970లలో పుట్టిన ఫాంటన్నది ఇంకో అపోహ. అప్పట్లో విపరీతంగా వాడారన్నది నిజమే, కానీ షికాగోకి చెందిన ఓస్వాల్డ్ కూపర్ గీసిన ఈ అక్షరాలు 1922లోనే వచ్చాయి.