మాత్రలతో పాటు అమ్మకు ఇంకేం కావాలి?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. ఏడాదిగా చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతోంది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతోంది. డాక్టరుగారు తొలిదశ డిమెన్షియా అని చెప్పి మాత్రలు రాశారు. ఆమెకు చెవులు కూడా సరిగా వినపడవు. జ్ఞాపకశక్తి కోసం ఫోన్‌లో ఆటలు పెట్టిస్తే విసుక్కుంటోంది. మందులు కాక ఇంకేమైనా చేయగలమా? నాకు 47 ఏళ్లు. నాకూ ఇది వస్తుందేమోనని భయంగా ఉంది.
ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాత్రలు ఆపకండి, ఫోన్ ఆటలు మాత్రం ఆపేయండి. ముందు చెవుల సంగతి చూడాలి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన ఆ విషయమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. వినపడని మనిషి మెల్లగా నలుగురి మాటల్లోంచి తప్పుకుంటారు. అడిగింది సగమే చెవిన పడి పొంతన లేని జవాబిస్తే, ఇంట్లోవాళ్లు దాన్ని కూడా మతిమరుపు ఖాతాలోనే వేస్తారు. గుబిలి తీయించి, వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం కొన్న వారానికే గోలగా ఉందని బీరువాలో పెట్టేయడం మన ఇళ్లలో మామూలే గాని, రెండు మూడుసార్లు శబ్దం సరిచేయించుకుంటే చాలామందికి అలవాటవుతుంది. దానితో డిమెన్షియా నయమవుతుందని చెప్పను; ఆమె మళ్లీ మాటల్లో కలుస్తారు, మిగతా ప్రయత్నాలన్నిటికీ అదే ఆధారం.

ఇక ఆటల స్థానంలో ఏం చేయాలంటే, బ్రిటన్‌లో తొలి, మధ్య దశల రోగులను చిన్న బృందంగా కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు చొప్పున ఏడు వారాలపాటు పాటలు, వంటలు, డబ్బు, నాటి బాల్యం వంటి విషయాల మీద మాట్లాడించే పద్ధతి ఒకటుంది. 2003లో వెలువడిన పరీక్షలో దానివల్ల ఆలోచనాశక్తితో పాటు జీవన నాణ్యత కూడా కొంత మెరుగుపడింది. అందులో కీలకం, జ్ఞాపకాన్ని పరీక్షించకుండా అభిప్రాయం అడగడం. "ఈరోజు ఏ వారం?" అనే ప్రశ్న ఆమెను ఓడిస్తుంది, "ఈసారి ఆవకాయలో కారం ఎంత వేద్దామమ్మా?" అన్నది ఆమెను పెద్దరికంలో నిలబెడుతుంది. చెప్పిందే చెప్పినప్పుడు "ఇందాకే చెప్పావుగా" అనకండి. పొయ్యి దగ్గర మాత్రం ఒంటరిగా వదలవద్దు. రోజూ తోడుండి నడిపించండి.

మీ విషయానికొస్తే, తల్లికి వచ్చినంత మాత్రాన మీకు వచ్చి తీరుతుందని లేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం (లాన్సెట్ కమిషన్) 14 కారణాలను గుర్తించి, వాటిని అదుపు చేస్తే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంచనా వేసింది. నడివయసులో బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం, వ్యాయామం లేకపోవడం ఆ జాబితాలోవే. మీ వయసు సరిగ్గా అక్కడే ఉంది కనుక బీపీ ఈ నెలలోనే చూపించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండో భాష కూడా మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది, అదీ చదువురాని వారిలో సహా. భాషే కారణమని దీనితో రుజువు కాలేదు గాని, పక్కింటివారితో ఉర్దూలో మాట్లాడే అలవాటుంటే వదులుకోకండి.

చివరగా ఒక జాగ్రత్త. అమ్మగారిలో రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా గందరగోళం పెరిగితే, జబ్బు ముదిరిందనుకొని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసుకున్న నిద్రమాత్ర వంటివి కారణం కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.