టిప్పు నకిలీ కాదు, వేగం చాలలేదు

ప్రశ్న: కారం మిల్లులకు, పత్తి జిన్నింగ్ మిల్లులకు షాఫ్టులు, పిన్నులు చేసే చిన్న లేత్ షాపు మాది. పాత బెల్టు లేత్, 2 హెచ్‌పీ మోటారు. ఎంత తిప్పినా 450 ఆర్‌పీఎం దాటదు. ‘టిప్పుకు నాలుగు మూలలు, చవక’ అంటే సీఎన్‌ఎంజీ 120408 కార్బైడ్ టిప్పులు (హోల్డరుకు బిగించి లోహాన్ని కోసే గట్టి బిళ్లలు) ఒక పెట్టె కొన్నాను. 150 మిల్లీమీటర్ల స్టీలు ఫ్లాంజి (గుండ్రటి పళ్లెం లాంటి భాగం) అంచు మీద బాగా నడిచాయి. 25 మిల్లీమీటర్ల పిన్ను మీద మాత్రం చర్మం లేచినట్టు గరుకుగా వస్తోంది, మూలలు ఎగిరిపోతున్నాయి. నకిలీ సరుకా? ఇంకా ఖరీదైనవి కొనాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నకిలీదైతే ఫ్లాంజి మీదే బయటపడేది. కాబట్టి అమ్మినవాడిని తిట్టడం కాసేపు ఆపి, కాగితం తీసుకోండి. డయాను (వ్యాసాన్ని, మిల్లీమీటర్లలో) 3.14తో, ఆర్‌పీఎంతో హెచ్చవేసి వెయ్యితో భాగించండి. నిమిషానికి ఎన్ని మీటర్ల కోత వేగమో వస్తుంది. మీ ఫ్లాంజికి 212. పిన్నుకు 35! కోటింగ్ ఉన్న కార్బైడ్‌కు మామూలు స్టీలు మీద 150 దాకా ఉంటేగానీ పని సాఫీగా సాగదు. వేగం చాలకపోతే తెగిన లోహం అంచుకు అతుక్కుంటుంది. ఆ ముద్ద ఊడినప్పుడల్లా జాబును (లేత్ మీద తిరుగుతున్న ముక్కను) గీరుతుంది, పోతూ పోతూ టిప్పు అంచునూ పెకలించుకుపోతుంది. అదే ఫ్లాంజికి ఫేసింగ్ చేస్తూ (ముఖాన్ని చదును చేస్తూ), డయా తగ్గే మధ్యకు వచ్చేసరికి నునుపు చెడటం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే.

మీ పిన్నుకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) టూలు చాలు. మెత్తటి స్టీలు మీద 25–30 మీటర్లు దానికి హాయి, అంటే 320 నుంచి 380 ఆర్‌పీఎం. విజయవాడ ఆటోనగర్‌లో నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లు హెచ్‌ఎస్‌ఎస్ అంటే ముఖం చిట్లిస్తారు. గ్రైండింగ్ దగ్గర నిలబడాలి కదా! పదును పెట్టేటప్పుడు దాన్ని మాటిమాటికీ నీళ్లలో ముంచండి. నీలం తిరిగినంత మాత్రాన మెత్తబడినట్టు కాదు, మామూలు కార్బన్ స్టీలులా హెచ్‌ఎస్‌ఎస్ ఆ వేడికి మెత్తబడదు. బ్రేజింగ్ చేసిన (ఇత్తడి లాంటి లోహంతో కాడకు అతికించిన) కార్బైడ్ టూలు సంగతి వేరు. దానికి పచ్చ సానరాయి కావాలి. వేడి మీద నీళ్లలో ముంచితే పగుళ్లిస్తుంది.

ఇక పెట్టె మీది కోడు. మొదటి ‘సీ’ 80 డిగ్రీల మూల. రెండో అక్షరం ‘ఎన్’ అంటే పక్కవాలు (టిప్పు పక్కగోడ లోపలికి వాలే కోణం) సున్నా. అందుకే తిరగేసి వాడుకోవచ్చు, నాలుగు మూలలు వస్తాయి. కానీ హోల్డరులో కిందికి వంగి కూర్చుంటుంది గనుక కోతకు బలం ఎక్కువ కావాలి. 2 హెచ్‌పీ లేత్, సన్నటి పిన్ను దానికి తట్టుకోలేక అదురుతాయి. చివరి ‘08’ ముక్కు గుండ్రం 0.8 మిల్లీమీటర్లని. అంతకంటే పలుచటి కట్ పెడితే సరిగా కోయదు, జాబును పక్కకు నెడుతుంది.

కార్బైడే కావాలంటే సీసీఎంటీ 09టీ304 అడగండి. 7 డిగ్రీల పక్కవాలు, 0.4 ముక్కు. రెండే మూలలు, అయినా మీ మోటారుకు తేలిక. దానికి హోల్డరు వేరు. లేబుల్ మీద నీలం రంగు స్టీలుకు, పసుపు స్టెయిన్‌లెస్‌కు, ఎరుపు బీడుకు (కాస్ట్ ఐరన్‌కు). ఖరీదు చూసి కాదు, ఈ రంగు చూసి కొనండి.

మూలలు ఎగరడానికి ఇంకో రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, టిప్పు జాబులో దిగి ఉండగానే లేత్ ఆపడం. ముందు టూలును వెనక్కి తీయాలి. రెండోది సెంటరు ఎత్తు, అంటే టిప్పు కొస జాబు నడిమధ్య ఎత్తుకు సరిగ్గా ఉండటం. పలుచటి స్టీలు స్కేలును జాబుకూ టిప్పుకూ మధ్య మెల్లగా నొక్కి పట్టండి. నిటారుగా నిలిస్తే సరే. పైకొస మీ వైపు వాలితే టూలు కిందకు ఉన్నట్టు, కింద రేకు ముక్క పెట్టండి. అవతలికి వాలితే టూలు పైకి ఉన్నట్టు, కింది రేకు తీసేయండి.

మిగిలిన పెట్టెను పారేయకండి. 110 మిల్లీమీటర్లు దాటిన స్టీలు జాబులన్నీ దానికే ఇవ్వండి.