ఊరి పేరు ఒకటి, విమానాశ్రయాలు మూడు

విదేశీ ప్రయాణాల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఎంచుకుని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. మూడూ వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చినవే అయినా, పెద్ద నగరపు విమానాశ్రయంలో దారి తప్పుతామేమోనన్న బెంగ అన్నిటిలోనూ కనిపిస్తున్నది.

ప్రశ్న: నేనూ మా వారూ ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ పొందాము. మా అబ్బాయి అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉంటున్నాడు. శంషాబాద్ నుంచి అబుదాబి మీదుగా న్యూయార్క్ వెళ్ళడానికి, తిరిగి న్యూయార్క్ నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్ రావడానికి టికెట్లు తీశాడు. దిగే విమానాశ్రయం ఒకటి, తిరిగి ఎక్కేది న్యూఆర్క్ అనే మరొకటి అంటున్నాడు. ఒకే ఊరికి ఇన్ని విమానాశ్రయాలు ఎందుకు? ఇంగ్లీషు చదివితే తెలుస్తుంది కానీ వారు మాట్లాడితే మాకు అందదు. మేము ఇబ్బంది పడకుండా వెళ్ళి రాగలమా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: తప్పకుండా వెళ్ళి రాగలరు. చదివితే తెలుస్తుందన్నారు కదా, విమానాశ్రయంలో ముఖ్యంగా కావలసింది ఆ చదువే. అక్కడ అడుగడుగునా బోర్డులు ఉంటాయి. మాట్లాడవలసిన చోట్లు రెండు మూడుకు మించవు.

న్యూయార్క్ ప్రజలు వాడుకునే పెద్ద విమానాశ్రయాలు మూడు. జాన్ ఎఫ్. కెనెడీ, లగార్డియా అనే రెండూ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ఉన్నాయి; న్యూఆర్క్ లిబర్టీ మాత్రం హడ్సన్ నదికి ఆవల, మీ అబ్బాయి ఉంటున్న న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంది. వీటిలో ముందుగా వచ్చింది న్యూఆర్క్, 1928లో. 1930లలో న్యూయార్క్ మేయరుగా ఉన్న ఫియొరెల్లో లగార్డియా ఒకసారి న్యూఆర్క్‌లో విమానం ఆగినప్పుడు, తన టికెట్టు మీద న్యూయార్క్ అని ఉన్నదనీ, ఇది న్యూజెర్సీ కనుక దిగననీ పట్టుబట్టి, తమ నగరంలోని విమానాశ్రయం దాకా తీసుకెళ్ళేటట్లు చేశారు. నగరానికి మరో మంచి విమానాశ్రయం కావాలన్న ఆయన పట్టుదల వల్ల 1939లో తెరుచుకున్నదే లగార్డియా. అది కూడా చాలకపోవడంతో 1948లో ఐడిల్‌వైల్డ్ అనే చోట మరొకటి వచ్చింది. అధ్యక్షుడు కెనెడీ హత్య తరువాత 1963లో దానికి ఆయన పేరు పెట్టారు. లగార్డియాలో విదేశీ ప్రయాణికులకు ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ వసతి లేదు కనుక భారతదేశం నుంచి వెళ్ళేవారు సాధారణంగా కెనెడీలోనో న్యూఆర్క్‌లోనో దిగుతారు.

నగర మేయరుకే టికెట్టు మీది ఊరి పేరుతో పేచీ వచ్చిందంటే మనం ఎంత జాగ్రత్తగా చదవాలో ఆలోచించండి. టికెట్టు మీద "న్యూయార్క్" అన్న మాట కాక, పక్కనే ఉండే మూడక్షరాల కోడ్‌ను చూడండి. కెనెడీకి జె.ఎఫ్.కె., న్యూఆర్క్‌కు ఇ.డబ్ల్యు.ఆర్., లగార్డియాకు ఎల్.జి.ఎ. అని ఉంటుంది. ఆ కోడ్ తరువాత టెర్మినల్ సంఖ్యనో అక్షరాన్నో చూడండి. ఈ రెండింటినీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచుకోండి. కెనెడీలో టెర్మినళ్ళన్నీ వేటికవే విడి భవనాలు. వాటిని కలుపుతూ ఎయిర్‌ట్రెయిన్ అనే రైలు తిరుగుతుంది. టెర్మినళ్ళ మధ్య దానికి డబ్బు కట్టనక్కరలేదు. న్యూఆర్క్‌లో ఎ, బి, సి అనే మూడు టెర్మినళ్ళు ఉన్నాయి.

మీరు అబుదాబి మీదుగా వెళ్ళడం వల్ల ఒక సౌకర్యం ఉంది. అమెరికా ప్రభుత్వం 2014 నుంచి అబుదాబి విమానాశ్రయంలోనే తన ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీని నడుపుతున్నది. అమెరికా అధికారి అడిగే ప్రశ్నలన్నీ అక్కడే పూర్తవుతాయి కనుక న్యూయార్క్‌లో దిగాక మీరు దేశీయ ప్రయాణికుల వలె సామాను తీసుకుని నేరుగా బయటికి రావచ్చు. అయితే ఈ పనంతా రెండు విమానాల నడుమ ఉన్న సమయంలోనే జరగాలి. అందువల్ల అబుదాబిలో దిగిన వెంటనే దుకాణాల వైపు వెళ్ళకుండా, అమెరికా విమానాల వైపు చూపించే బోర్డులను పట్టుకుని ముందు తనిఖీ ముగించుకోండి; కాఫీ తరువాత తాగవచ్చు.

అధికారి అడిగేవి ఎవరింటికి వెళ్తున్నారు, ఎన్నాళ్ళు ఉంటారు, వారు ఏ పని చేస్తారు, తిరుగు టికెట్టు ఉన్నదా అన్న నాలుగు మాటలే. అబ్బాయి చిరునామా, ఫోను నంబరు ఇంగ్లీషులో రాసి ఉంచుకుని, ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే ఊహించి జవాబు చెప్పవద్దు. తెలుగులో చెప్పగల దుబాసీ కావాలని అడగడంలో తప్పేమీ లేదు. అమెరికాలో మీరు ఎంతకాలం ఉండవచ్చో నిర్ణయించేది వీసా మీద ఉన్న గడువు కాదు, ఆ అధికారి నమోదు చేసే తేదీ. ఐ-94 అనే ఆ నమోదును ఇంటికి చేరాక అబ్బాయి చేత ఇంటర్నెట్‌లో చూపించుకోండి.

ఇక సామాను సంగతి. తల్లిదండ్రుల ప్రయాణాలలో ఎక్కువ చిక్కులు ఇక్కడే వస్తాయి కనుక వివరంగా చెబుతున్నాను. మన పెళ్ళిళ్ళలో, ఒడిబియ్యంలో ఇచ్చే ఎండు కుడుకలను చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. వాటిలోని నూనె వల్ల తేలికగా నిప్పంటుకుంటాయని ప్రమాదకర వస్తువుల కింద లెక్కిస్తారు. పవర్ బ్యాంకు పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. పచ్చళ్ళు, నెయ్యి పెట్టెలోనే ఉండాలి, చేతి సంచిలో పనికిరావు. అమెరికా వెళ్ళే విమానాలలో చేతి సంచిలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులు ఉంటే ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు కనుక కారంపొడి, పసుపు వంటివి కూడా పెట్టెలోనే సర్దుకోండి. తాజా కరివేపాకును అమెరికాలోకి రానివ్వరు, ఎందుకంటే నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద కూడా బతుకుతుంది. పచ్చి పండ్లు, కూరగాయలు, విత్తనాలు, మాంసంతో చేసినవి కూడా వద్దు. సకినాలు, అరిసెలు నిశ్చింతగా తీసుకెళ్ళండి. కానీ తినుబండారాలు ఉన్నాయా అని అడిగినప్పుడు మాత్రం ఉన్నాయనే చెప్పండి. ఉన్నాయని చెప్పి చూపిస్తే, అనుమతి లేనిదాన్ని పక్కన పడేసి మిమ్మల్ని పంపిస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు.

తిరుగు ప్రయాణం న్యూఆర్క్ నుంచి కావడం మీకు మేలే. ఎడిసన్ నుంచి న్యూఆర్క్ దగ్గర. కెనెడీకి వెళ్ళాలంటే స్టాటెన్ ఐలాండ్, బ్రూక్లిన్ దాటుకుని వాహనాల రద్దీలో పోవాలి. పొరపాటున ఒకదానికి బదులు మరొకదానికి వెళితే ఆ రద్దీలో రెండవదానికి సమయానికి చేరడం చాలా కష్టం. అందుకే బయలుదేరే ముందు రోజు కోడ్‌ను మరొకసారి చూసుకొమ్మని అబ్బాయికి కూడా చెప్పండి. అక్కడే ఉంటున్నవారు కూడా అలవాటు కొద్దీ పొరబడతారు. అమెరికా నుంచి బయలుదేరేటప్పుడు మన దగ్గర ఉన్నట్లు ఇమిగ్రేషన్ కౌంటరు ఉండదు, పాస్‌పోర్టు మీద ముద్ర పడదు. ఏదో మరిచిపోయామని కంగారు పడకండి. ఢిల్లీలో దిగాక సాధారణంగా ఇమిగ్రేషన్ ముగించి, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, హైదరాబాద్ విమానానికి మళ్ళీ అప్పగించాలి. మీ పెట్టెలు ఢిల్లీలో తీసుకోవాలా, హైదరాబాద్‌లోనా అన్నది న్యూఆర్క్ కౌంటరులోనే అడగండి, ట్యాగు మీద ఏ కోడ్ ఉన్నదో చూడండి.

చాలామంది పెద్దలు చక్రాల కుర్చీ సాయం తీసుకుంటారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నా, దూరం నడవలేకపోయినా ఏ మొహమాటమూ లేకుండా తీసుకోండి. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు తెలియజేయాలి. నడక బాగా ఉండి భాష గురించే భయమైతే మాత్రం, ఆ కుర్చీని నిజంగా నడవలేనివారికి వదలడం న్యాయమని నా అభిప్రాయం. గేటు దగ్గర యూనిఫారంలో ఉన్న ఉద్యోగికి బోర్డింగ్ పాస్ చూపిస్తే చాలు, మాట రాకపోయినా దారి చూపిస్తారు.

ప్రశ్న: మా అక్క కూతురి విమానం శంషాబాద్ నుంచి తెల్లవారుజామున ఉన్నది. కాజీపేట నుంచి ఎన్ని గంటలకు బయలుదేరాలి? అందరం లోపలి దాకా వెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: ముందు తేదీ చూడండి. శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. టికెట్టు మీద 14వ తేదీ 3 గంటలు అని ఉంటే 13వ తేదీ సాయంత్రమే ఇల్లు వదలాలి. 14వ తేదీ రాత్రి అనుకుని విమానం పోగొట్టుకునేవారు ఉంటూనే ఉన్నారు.

విదేశీ విమానానికి మూడు గంటల ముందు టెర్మినల్ చేరాలి. కారులో అయితే జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ వరకు వచ్చి, అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి పోకుండా శంషాబాద్ చేరవచ్చు. దారికి నాలుగు గంటలు, ఆపైన ఒక గంట అదనంగా పెట్టుకోండి. మేడారం జాతర రోజుల్లోనూ, పండుగ సెలవుల ముందు తరువాతా ఇంకా ఎక్కువ కావాలి. రైలులో వస్తే సికింద్రాబాద్‌లో దిగి ఆర్టీసీ పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు. విమానాశ్రయానికి మెట్రో ఇంకా లేదు. టెర్మినల్ లోపలికి టికెట్టు ఉన్నవారినే పంపిస్తారు కనుక వీడ్కోలు ద్వారం దగ్గరే. ముఖం చూసి పంపించే డిజియాత్ర దేశీయ ప్రయాణాలకే. ఆమె పాస్‌పోర్టు, వీసా, టికెట్టు చేతిలో ఉంచుకోవాలి.

ప్రశ్న: మా తమ్ముడికి దుబాయిలో కంపెనీ పని వచ్చింది. పదవ తరగతి తప్పాడు. ముంబయి నుంచి టికెట్టు తక్కువని ఏజెంటు అక్కడి నుంచి తీశాడు. ముంబయిలోనూ దుబాయిలోనూ రెండేసి విమానాశ్రయాలు ఉన్నాయంటున్నారు. తమ్ముడు ఒక్కడే పోతున్నాడు, ఏమి చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, మెట్‌పల్లి

సమాధానం: విమానాశ్రయం కన్నా ముందు పాస్‌పోర్టు చూడండి. పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని వ్యక్తి పాస్‌పోర్టు సాధారణంగా ఈ.సీ.ఆర్. (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావలసినది) కిందికి వస్తుంది. యు.ఎ.ఇ.తో సహా 18 దేశాలకు అటువంటి పాస్‌పోర్టుతో పనికి వెళ్ళాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, దరఖాస్తు ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. ఆ అనుమతి లేకపోతే ముంబయి ఇమిగ్రేషన్ కౌంటరులోనే వెనక్కి పంపుతారు. ఆ అనుమతి అవసరం లేదని చెప్పి ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానంటే ఒప్పుకోవద్దు. అలా వెళ్ళినవాడికి అక్కడ పనిచేసే హక్కు ఉండదు, జీతం ఎగ్గొట్టినా ధైర్యంగా అడగలేడు. సక్రమంగా అనుమతి తీసుకున్నవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఉంటుంది.

ముంబయిలో పాత ఛత్రపతి శివాజీ మహారాజ్ విమానాశ్రయం కోడ్ బి.ఒ.ఎం. అక్కడ విదేశీ విమానాలు అంధేరీ తూర్పు వైపు ఉన్న టెర్మినల్ 2 నుంచి వెళ్తాయి. టెర్మినల్ 1 దేశీయ విమానాలది, అది విలేపార్లే వైపు విడిగా ఉంటుంది. ఆటో, టాక్సీ వారికి "ఇంటర్నేషనల్, టీ-2" అని స్పష్టంగా చెప్పాలి. నవీ ముంబయిలో కొత్త విమానాశ్రయానికి 2025 అక్టోబరులో ప్రారంభోత్సవం జరిగింది కనుక ఇకమీదట "ముంబయి" అన్న మాట ఒక్కటే చూసుకుంటే చాలదు. నిజామాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో సి.ఎస్.ఎం.టి. స్టేషన్ చేరితే, అక్కడి నుంచి మెట్రో మూడవ లైను నేరుగా టెర్మినల్ 2 దగ్గరికి వెళ్తుంది. రైలు ఆలస్యాలు తెలిసినవే కనుక విమానానికి ముందు రోజే ముంబయిలో ఉండేటట్లు చూసుకోండి. ఆ రాత్రి బసకు, భోజనానికి అయ్యే ఖర్చు కలిపి చూస్తే శంషాబాద్ టికెట్టే నయం కావచ్చు. ఏజెంటుతో ఆ లెక్క వేయించండి.

దుబాయిలో పాత విమానాశ్రయం కోడ్ డి.ఎక్స్.బి. దానిలోని 1, 3 టెర్మినళ్ళకు మెట్రో ఎర్ర లైను ఉంది. టెర్మినల్ 2 రన్‌వేలకు అటువైపున ఉంటుంది, అక్కడ మెట్రో లేదు. రెండవదైన అల్ మక్తూమ్ విమానాశ్రయం డి.డబ్ల్యు.సి. నగరానికి దూరంగా దక్షిణాన ఉంది. షార్జా విమానాశ్రయం పక్క ఎమిరేట్‌ది. చౌక టికెట్లలో అది కూడా తరచు తగులుతుంది. తీసుకుపోవడానికి వచ్చే కంపెనీ మనిషికి కోడ్, టెర్మినల్, విమానం నంబరు మూడూ ముందే పంపించండి. మన సిమ్ అక్కడ పనిచేయకపోవచ్చు కనుక కంపెనీ నంబరును ఫోనులో మాత్రమే కాక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. వీసా, ఎగ్రిమెంటు నకళ్ళు తమ్ముడి చేతి సంచిలో ఒక జత, ఇంట్లో ఒక జత ఉండాలి. చేరాక పాస్‌పోర్టు లాక్కున్నా, చెప్పిన పని కాక వేరే పని పెట్టినా, దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకు యు.ఎ.ఇ. నుంచి ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నంబరును కూడా అదే కాగితం మీద రాయండి.