రెండు రోజుల కోసం ఒక్కదాన్నే ఢిల్లీ వెళ్తున్నాను. ఐదు వేలల్లో ట్రెండీ బట్టలు ఎక్కడ, ఎలా కొనుక్కోవాలి?

రెండే రోజులు, ఒక్కరే, చేతిలో ఐదు వేలు. సరిగ్గా ఇదే లెక్కతో నేను రెండేళ్ల కింద జనవరిలో ఆఫీసు ట్రైనింగ్ పేరు చెప్పి హనుమకొండ నుంచి ఢిల్లీ వెళ్లాను. తర్వాత ఇంకోసారి కూడా వెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి సగం డబ్బులు తగలేశాను, రెండోసారి కాస్త నయం. ఆ రెండు అనుభవాలూ కలిపి చెప్తాను.

అన్నిటికంటే ముందు క్యాలెండర్ చూసుకోండి. సరోజినీ నగర్ మార్కెట్‌కి సోమవారం సెలవు. లాజ్‌పత్ నగర్ సెంట్రల్ మార్కెట్‌కీ సోమవారమే. ఇది తెలియక నేను సోమవారం మధ్యాహ్నం ట్రైనింగ్ ఎగ్గొట్టి మరీ వెళ్లి, దించిన షట్టర్లు చూసుకుని తిరిగొచ్చాను. ఆదివారం తెరిచే ఉంటుంది కానీ మేడారం జాతరలో గద్దెల దగ్గర నిలబడ్డట్టే, మనం నడవక్కర్లేదు, జనమే మోసుకెళ్తారు. మామూలు రోజున పొద్దున పదకొండుకల్లా అక్కడుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. మంగళవారమైతే ఇంకా మంచిది. రెండోసారి నేను మంగళవారమే వెళ్లాను, అప్పుడే మూటలు విప్పి కుప్పలు పోస్తున్నారు.

మీ బడ్జెట్‌కి ఒక్క చోటే చాలు: సరోజినీ నగర్. (మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరే అది. ఆ పేరు చెప్పుకుని అక్కడెవరూ రేటు తగ్గించరు లెండి.) న్యూఢిల్లీ స్టేషన్లో రైలు దిగితే మెట్రో ఎల్లో లైన్ ఎక్కి దిల్లీ హాట్ ఐఎన్ఏ దగ్గర దిగండి. అక్కడ పింక్ లైన్‌కి మారితే తర్వాతి స్టేషనే సరోజినీ నగర్. మెట్రోలో ఒక పెట్టె ఆడవాళ్లదే. చేతినిండా సంచులతో ఒక్కరే తిరిగి వచ్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అక్కడ అంత చవగ్గా ఎలా ఇస్తారని నాకూ మొదట అనుమానం వచ్చింది. విదేశీ కంపెనీల ఆర్డర్లు కుట్టే ఫ్యాక్టరీలు, కొన్ని పాడైపోతాయని లెక్కేసుకుని అడిగినదానికంటే కాస్త ఎక్కువే కుడతాయి. మిగిలినవి, తనిఖీలో చిన్న లోపానికి పక్కన పెట్టినవి, ఆర్డర్ రద్దయినవి ఇలాంటి మార్కెట్లకి చేరతాయి. మెడ దగ్గర లేబుల్ కత్తిరించి ఉండటం అందుకే. అయితే అక్కడున్నదంతా ఎక్స్‌పోర్ట్ సరుకే అనుకుంటే మోసపోతాం. నకలు కుట్టినవి ఉంటాయి, కొన్ని కుప్పల్లో ఎవరో వాడేసిన బట్టలూ ఉంటాయి. వాసన చూస్తే తెలిసిపోతుంది, మొహమాటపడకుండా చూడండి.

ఒక కిటుకు చెప్తాను. మెడ దగ్గర లేబుల్ తీసేసినా లోపల పక్క కుట్టులో ఉండే సన్నటి తెల్ల పట్టీని చాలాసార్లు వదిలేస్తారు. అందులో కాటన్ ఎంత శాతం, పాలిస్టర్ ఎంత శాతం అని రాసి ఉంటుంది. పైన ఎంత అందంగా ఉన్నా నూటికి నూరూ పాలిస్టర్ అని కనిపిస్తే పక్కన పెట్టేస్తాను. ఢిల్లీ చలిలో హాయిగానే ఉంటుంది, ఏప్రిల్లో వరంగల్ బస్టాండులో నిలబడితే తెలుస్తుంది దాని సంగతి. విస్కోస్ (రేయాన్ గుడ్డ) అయితే తీసుకోవచ్చు, ఒంటికి చల్లగా ఉంటుంది, కాకపోతే ఉతికితే కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి బిగుతుగా ఉన్నది కొనకండి. తర్వాత చంకల దగ్గర కుట్టు, జిప్పు, గుండీలు చూసుకోవాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే సన్న చిల్లులు బయటపడతాయి. జిప్పు ఒకటికి మూడుసార్లు లాగండి. నేను ఒక్కసారే లాగి నాలుగు వందల జీన్స్ కొన్నాను, రెండోసారి లాగింది ఇంటికొచ్చాక. మార్చుకుందామంటే కొట్టు పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఉంది.

ట్రయల్ రూమ్ ఉంటుందని ఆశ పెట్టుకోకండి. రోడ్డు మీద కుప్పలకి అసలే ఉండదు. ఒంటికి అతుక్కునే టీషర్టూ లెగ్గింగ్సూ వేసుకుని వెళ్తే టాపులు వాటి మీదనుంచే వేసుకుని చూసుకోవచ్చు. ప్యాంట్లతోనే తంటా. నడుము పట్టీ మెడ చుట్టూ తిప్పితే సరిపోతే నడుముకీ సరిపోతుందంటారు. మామూలు ప్యాంట్లకి నా విషయంలో పనిచేసింది, సాగే జీన్స్‌కి పనిచేయలేదు. ఇప్పుడైతే ఇంట్లో నాకు బాగా నప్పే టాపు ఒకటి, ప్యాంటు ఒకటి మంచం మీద పరిచి ఛాతీ దగ్గర వెడల్పు, నడుము, లోపలి కాలి పొడవు టేపుతో కొలిచి ఫోన్లో రాసుకుంటాను. టేపు చేతిసంచిలో పెట్టుకెళ్తాను. సైజు నంబర్లని మాత్రం నమ్మొద్దు, ఎందుకంటే అవి ఏ దేశానికి కుట్టారో ఆ దేశపు లెక్క. బ్రిటన్ వాళ్ల 8, అమెరికా వాళ్ల 4, యూరప్ వాళ్ల 36 దాదాపు ఒకటే కొలత. నంబరు 8 చూసి మనకి పట్టదని వదిలేసినవి ఎన్నో.

బేరం సంగతి. "దో సౌ, దో సౌ" అని అరుస్తూ అమ్మే కుప్పల దగ్గర బేరం ఉండదు, అడిగితే నవ్వుతారు. హ్యాంగర్లకి వేలాడదీసిన చోట మాత్రం చెప్పిన దాంట్లో సగం దగ్గర మొదలుపెట్టండి. పొద్దున్నే వెళ్లమన్నది ఇందుక్కూడా. మన దగ్గరిలాగే అక్కడా బోణీ పట్టింపు గట్టిగానే ఉంటుంది, మొదటి గిరాకీని ఊరికే పంపడం ఇష్టం ఉండదు. హిందీ సరిగ్గా రాదని భయపడకండి. నేను అలవాటు కొద్దీ మన హైదరాబాదీ హిందీలో "నక్కో భయ్యా" (వద్దన్నా) అన్నాను, అతను పక్క కొట్టువాడిని పిలిచి మరీ నవ్వాడు. "హైదరాబాద్ సే ఆయీ హో క్యా దీదీ?" అని అడిగి యాభై తగ్గించాడు. నవ్వినందుకు తగ్గించాడో, జాలిపడి తగ్గించాడో!

జేబులో వందలూ రెండు వందల నోట్లూ ఉంచుకోండి. ఫోన్‌పేలు అన్ని చోట్లా ఉన్నాయి కానీ అంత గుంపులో సిగ్నల్ తిరుగుతూనే ఉంటుంది, వెనక పదిమంది నెడుతుంటారు, ఫోన్ చేతిలో తెరిచి పెట్టుకుని నిలబడటం ఒంటరిగా ఉన్నప్పుడు మంచిది కాదు. బ్యాగు ముందుకి వేసుకోండి. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపి మర్చిపోండి, గంటగంటకీ ఫోన్ చేసి చెప్పే పని తప్పుతుంది.

ఒక్కరే వెళ్తే అసలు కష్టం భద్రత కాదు, "ఇది నాకు బాగుందా?" అని అడగడానికి పక్కన మనిషి లేకపోవడం. కొట్టువాడికి ప్రతిదీ "ఏక్‌దమ్ మస్త్"గానే కనిపిస్తుంది. మా వదినకి వీడియో కాల్ చేస్తే ఆమె అన్నిటికీ బాగుందనే అంది, కూర పొయ్యి మీద ఉందట. ఆ ఊపులోనే ఎనిమిది వందలు పోసి మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని ఓవర్‌కోటు కొన్నాను. జనవరి, పొగమంచు, చుట్టూ ఢిల్లీ పిల్లలందరూ అలాంటివే వేసుకుని కాలేజీలకి వెళ్తున్నారు, అద్దంలో నేనూ వాళ్లలాగే కనిపించాను. కాజీపేటలో రైలు దిగేసరికి చెమట. అప్పటినుంచి అది బీరువాలోనే ఉంది. అమ్మ దాన్ని చూసినప్పుడల్లా "ఇది వేసుకుని ఏ కశ్మీర్ పోతవే" అంటుంది.

అందుకని రెండోసారి వెళ్లేముందు ఒక పని చేశాను. బీరువా తెరిచి నేను నిజంగా వేసుకునేవి నాలుగు ఫోటోలు తీసుకున్నాను. ఏదైనా నచ్చగానే ఈ నాలుగింటిలో దేనితో వేసుకుంటాను, మా ఊళ్లో ఎక్కడికి వేసుకెళ్తాను అని చూసుకోవడం. ఆఫీసుకా, సినిమాకా, బతుకమ్మకి కుర్తాలా వేసుకోవడానికా? జవాబు వెంటనే రాకపోతే వదిలేయడమే. ఆ లెక్కన క్రాప్ టాపులు, కార్సెట్ టాపులు పోయాయి. రెండు కాటన్ కో-ఆర్డ్ సెట్లు (టాపూ ప్యాంటూ ఒకే గుడ్డవి), ఒక వైడ్ లెగ్ ప్యాంటు, మూడు చొక్కాలు, ఒక లినెన్ డ్రెస్ మిగిలాయి. మొత్తం రెండు వేల మూడు వందలయింది, అన్నీ ఇప్పటికీ తిరుగుతున్నాయి. మీకు క్రాప్ టాపు వేసుకునే చోటుంటే నిక్షేపంగా కొనండి, నాకు లేదంతే.

లాజ్‌పత్ నగర్ పింక్ లైన్లోనే మూడు స్టేషన్ల అవతల. కుర్తీలు, దుపట్టాలు, చెప్పులు కావాలంటే వెళ్లండి, లేకపోతే దిగక్కర్లేదు. జన్‌పథ్ మార్కెట్‌కి మాత్రం రెండో రోజు ఓ గంట కేటాయించండి. బట్టలకంటే అక్కడ ఆక్సిడైజ్డ్ కమ్మలు, కచ్ అద్దాల పనితనం ఉన్న సంచులు బాగుంటాయి. మూడు వందలు పెట్టి కొన్న కమ్మలు మామూలు కుర్తాని కూడా నిలబెడతాయి. ధర సగానికి కాదు, మూడో వంతుకి అడగండి. మధ్యాహ్నం ఆకలైతే అక్కడినుంచి ఆటోలో ఆంధ్రా భవన్ దగ్గరే. క్యాంటీన్లో పప్పు, పొడి, నెయ్యి పడ్డాక మళ్లీ బేరమాడే ఓపిక వస్తుంది.

చివరి రోజు రైలు సాయంత్రమైతే లగేజీ న్యూఢిల్లీ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టుకోవచ్చు, కానీ తాళం లేని బ్యాగు తీసుకోరు. చిన్న తాళం ఇంటినుంచే తెచ్చుకోండి. మడత పెడితే అరచేతిలో పట్టే నైలాన్ సంచి ఒకటి కూడా. ఇంటికెళ్లగానే అన్నీ కలిపి మెషిన్‌లో వేయకండి, ముదురు రంగులు మొదటి రెండు ఉతుకులు విడిగా నానబెట్టండి. నా తెల్ల చొక్కా ఇప్పుడు లేత గులాబీ రంగు, అందరూ బాగుందంటున్నారు కాబట్టి నేనేమీ చెప్పట్లేదు.

మీరు వెళ్లేది చలికాలమైతే, మీ సైజు ఎల్ అయితే, ఒక మాట చెప్పండి. ఓవర్‌కోటు ఒకటుంది, ఒకే ఒక్కసారి వేసుకున్నది.